అమెరికా కాల్‌కు మన నంబర్ ఎందుకు పడుతోంది?

డల్లాస్‌లో ఉన్న కొడుకు చౌక కాలింగ్ యాప్‌లో గుంటూరు బ్రాడీపేటలోని అమ్మకు ఫోన్ చేస్తాడు. ఇక్కడ ప్లస్ వన్‌తో మొదలయ్యే నంబర్ పడాలి. ఒక్కోసారి ఎవరిదో తెలియని మన దేశపు పది అంకెల మొబైల్ నంబర్ పడుతుంది. ఆవిడ ఎత్తదు. 'డిజిటల్ అరెస్ట్' అని బెదిరించేవాళ్ల కాల్స్ కూడా అలాంటి నంబర్లతోనే వస్తున్న రోజుల్లో ఎత్తకపోవడమే మంచిది. కొడుకు కాల్, మోసగాడి కాల్ ఒకే దారిలో ఎలా వస్తున్నాయో అర్థం కావాలంటే ఫోన్ ఎక్స్ఛేంజ్ ఎలా మారుతూ వచ్చిందో చూడాలి.

గుంటూరు మిర్చి వ్యాపారులు ముంబై ధర తెలుసుకోవడానికి ట్రంక్ కాల్ బుక్ చేసి గంటలకొద్దీ ఎదురుచూసిన కాలం ఉంది. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని రకాలు. తొందర పెరిగేకొద్దీ రేటు పెరిగేది. నేరుగా డయల్ చేసే ఎస్టీడీ 1960లో కాన్పూరు, లక్నోల మధ్య మొదలైంది. 1984లో కేంద్ర ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ ఏర్పడి, మన వాతావరణానికి తట్టుకునే డిజిటల్ ఎక్స్ఛేంజీలు తయారుచేశాక ఎస్టీడీ బూత్‌లు వీధివీధికీ వచ్చాయి. రాత్రి పదకొండు దాటితే పావు రేటు కాబట్టి విజయవాడ బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల బూత్‌ల ముందు ఆ వేళకు జనం ఉండేవారు. అన్నిటికన్నా ముఖ్యం, అప్పట్లో నంబర్ అబద్ధం చెప్పేది కాదు. 0863 అంటే గుంటూరు, 0866 అంటే విజయవాడ. ఇంటి నుంచి ఎక్స్ఛేంజ్ దాకా రాగి తీగ ఉండేది, ఎక్స్ఛేంజ్ సర్కారుది. ఏ కాల్ ఎక్కడ పుట్టిందో ఆ తీగే సాక్ష్యం.

1995లో ఇజ్రాయెల్ కంపెనీ వోకల్‌టెక్ ఇంటర్నెట్ మీద మాట్లాడుకునే సాఫ్ట్‌వేర్ విడుదల చేసింది. నెట్ మీద కాల్‌ని ఎలా కలపాలో చెప్పే ప్రమాణాల్లో మరుసటి ఏడాది హెచ్.323, 1999లో సిప్ వచ్చాయి. ఈ రోజు నెట్ మీద నడిచే ఆఫీసు ఫోన్లలో ఎక్కువ భాగం సిప్ మీదే నడుస్తోంది. సాఫ్ట్‌స్విచ్ పుట్టింది ఈ మార్పులోనే. పాత ఎక్స్ఛేంజ్‌లో కాల్‌ని కలిపే బుర్ర, గొంతుని మోసే దారి రెండూ ఒకే పెద్ద యంత్రంలో ఉండేవి. సాఫ్ట్‌స్విచ్ ఆ రెంటినీ విడదీసింది. ఎవరు ఎవరికి చేస్తున్నారు, డబ్బుందా, ఏ దారిన పంపాలి అనే నిర్ణయాలు మామూలు సర్వర్ మీద నడిచే సాఫ్ట్‌వేర్ తీసుకుంటుంది. గొంతు వేరే దారిలో పోతుంది.

గుంటూరు కొత్తపేటలోని ఒక ఆసుపత్రి రిసెప్షన్ నుంచి విజయవాడకు కాల్ వెళ్తోందనుకుందాం. ఆ మాటను సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలు చేస్తారు, అంటే సెకనుకు 50 ప్యాకెట్లు. పాత డిజిటల్ ఎక్స్ఛేంజ్‌లో ఒక గొంతుకు సెకనుకు 64 కిలోబిట్లు పట్టేవి. జీ.729 అనే కోడెక్ (గొంతుని అంకెలుగా మార్చి కుదించే పద్ధతి) దాన్ని 8 కిలోబిట్లకు కుదిస్తుంది. రెండు వైపులా వేర్వేరు కోడెక్‌లు ఉంటే మధ్యలో మార్చే పని కూడా సాఫ్ట్‌స్విచ్ వ్యవస్థే చూసుకుంటుంది. ఒక రూట్ పలకకపోతే క్షణాల్లో ఇంకో రూట్‌కి మళ్లిస్తుంది. ప్రీపెయిడ్ బ్యాలెన్స్ అయిపోగానే కాల్ కట్ చేస్తుంది. ప్రతి కాల్‌కూ ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎన్ని సెకన్లు, ఏ రూట్ అని సీడీఆర్‌లో, అంటే కాల్ వివరాల రికార్డులో, ఒక వరస రాసిపెడుతుంది.

ఈ ఫీచర్లలో వ్యాపారం మొత్తాన్నీ మార్చేసింది లీస్ట్ కాస్ట్ రూటింగ్. సాఫ్ట్‌స్విచ్ లోపల ఒక రేట్ల పట్టిక ఉంటుంది. 91తో మొదలైతే ఒక రేటు, 91863తో మొదలైతే మరో రేటు. డయల్ చేసిన నంబర్‌తో ఎక్కువ అంకెలు కలిసిన వరసను ముందు పట్టుకుని, దానికి కాల్ మోసేవాళ్లలో ఎవరు తక్కువ అడుగుతున్నారో వాళ్లకు అప్పగిస్తుంది. వాళ్లూ ఇంకొకరికి అప్పగించవచ్చు. డల్లాస్ నుంచి బయల్దేరిన కాల్ నలుగురైదుగురు టోకు వ్యాపారుల చేతులు మారి ఇండియా చేరడం ఈ రంగంలో మామూలే. ఎవరికీ మొత్తం దారి తెలియదు. పైగా సిప్ సందేశంలో 'ఫ్రమ్' అనే చోట కాల్ చేసేవారి నంబర్‌ని పంపేవాళ్లే నింపుతారు. అవతలి వైపు దాన్ని నమ్మడమే మొదటి నుంచీ ఉన్న పద్ధతి. రాగి తీగ ఇచ్చిన సాక్ష్యం ఇక్కడే పోయింది. ఖర్చు తగ్గించిన ఫీచరే ఆచూకీని చెరిపేసిందని నా అభిప్రాయం. దీన్ని అమ్మేటప్పుడు మొదటి సగమే చెబుతారు.

మన దేశంలో చట్టం దీని వెనక చాలా నెమ్మదిగా నడిచింది. 2002 ఏప్రిల్ 1 నుంచి ఇంటర్నెట్ టెలిఫోనీకి అనుమతి వచ్చింది గానీ సగమే. కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి చేసుకోవచ్చు, ఇక్కడి కంప్యూటర్ నుంచి విదేశీ ఫోన్‌కి చేసుకోవచ్చు. దేశంలోని మామూలు ఫోన్ నెట్‌వర్క్‌లోకి మాత్రం కలపకూడదు. 2017లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫార్సు చేశాక, 2018లో గానీ ఆ తలుపు తెరుచుకోలేదు. ఆ ఏడాదే బీఎస్ఎన్ఎల్ 'వింగ్స్' పేరుతో యాప్ ద్వారా ఏ ఫోన్‌కైనా చేసుకునే సేవ తెచ్చింది.

ఈలోగా దొంగదారి స్థిరపడిపోయింది, దానికి కారణం డబ్బు. విదేశం నుంచి వచ్చే ప్రతి నిమిషానికీ ఇక్కడి ఆపరేటర్‌కి టెర్మినేషన్ చార్జీ, అంటే కాల్‌ని మన ఫోన్ దాకా చేర్చినందుకు రుసుము, కట్టాలి. 2015లో అది 53 పైసలు, 2018లో 30 పైసలు. 2020 నుంచి 35, 65 పైసల మధ్య ఆపరేటర్లే నిర్ణయించుకునే వీలు ఇచ్చారు. మరోవైపు 2016లో జియో వచ్చాక దేశంలోపలి కాల్స్ అపరిమితం అయ్యాయి. ఈ తేడానే సిమ్ బాక్స్‌కి లాభం. ఒక అద్దె గదిలో నెట్ కనెక్షన్, పదులకొద్దీ సిమ్‌లు పట్టే పెట్టె ఉంటే చాలు. విదేశీ కాల్ నెట్ మీద ఆ పెట్టెలోకి దిగి, లోపలి సిమ్ నుంచి లోకల్ కాల్‌లా బయటకు వస్తుంది. తల్లి ఫోన్‌లో పడిన తెలియని నంబర్ ఆ సిమ్‌దే. కొడుకు ఏ తప్పూ చేయలేదు, అతని యాప్ చౌక రూట్ కొన్నదంతే.

సిమ్ బాక్స్‌ని పట్టుకునే ఆనవాళ్లు ఉన్నాయి. ఆ సిమ్ నుంచి రోజంతా కాల్స్ వెళ్తూనే ఉంటాయి, దానికి కాల్స్ దాదాపు రావు, అది టవర్ మారదు. లైసెన్స్ లేకుండా ఇలాంటి సేవ నడిపితే 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం మూడేళ్ల వరకు జైలు, లేదా 2 కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సిమ్ బాక్స్ లేకుండా, నంబర్‌ని మాత్రమే మార్చి పంపే విదేశీ కాల్స్ కోసం 2024 అక్టోబర్‌లో కేంద్రం వేరే వ్యవస్థ పెట్టింది. విదేశం నుంచి వస్తూ మన నంబర్ చూపించే కాల్స్‌ని అది ఆపుతుంది. కానీ పెట్టెలోని సిమ్ నిజంగా ఇక్కడిదే కాబట్టి ఆ జల్లెడకు చిక్కదు.

విజయవాడ సూర్యారావుపేట ఆసుపత్రులకైనా, కోచింగ్ సెంటర్లకైనా ఇప్పుడు నెట్ మీద నడిచే క్లౌడ్ ఫోన్ అమ్మేవాళ్లు వస్తూనే ఉన్నారు. రేటు అడిగే ముందు నంబర్ ఏ లైసెన్స్ ఉన్న ఆపరేటర్ ఇచ్చింది, సీడీఆర్ మన చేతికి వస్తుందా అని అడగాలి. జవాబు నసిగితే ఆ రేటు ఎంత తక్కువైనా వద్దు.

కాల్ చేసేవారి పేరు కూడా తెరపై చూపించాలని 2024 ఫిబ్రవరిలో ట్రాయ్ సిఫార్సు చేసింది. సిమ్ బాక్స్ విషయంలో ఆ పేరు ఎవరి కాగితాలతో సిమ్ తీశారో వాళ్లదే పడుతుంది. వాళ్లకు ఆ సంగతే తెలియకపోవచ్చు. మన పేరు మీద ఎన్ని సిమ్‌లు నడుస్తున్నాయో కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో చూసుకోవచ్చు. 2021లో ఈ సదుపాయం మొదట అందింది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చందాదారులకే. అందులో తెలియని నంబర్ కనిపిస్తే 'నాది కాదు' అని అక్కడే చెప్పవచ్చు.