నరాల బలహీనత గోడరాతల నుంచి నీలం టాబ్లెట్ దాకా: అంగస్తంభన వైద్యం వెనక కథ

బస్టాండు గోడల మీద, రైలు పట్టాల పక్క ప్రహరీల మీద "నరాల బలహీనతకు గ్యారంటీ వైద్యం" అని రాసి కింద ఫోన్ నంబరు ఉంటుంది చూడండి, అసలు అలాంటి యాడ్ వెయ్యడమే నేరం, 1954లోనే డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం తెచ్చి నపుంసకత్వానికి మందు ఉందని ప్రకటనలు ఇవ్వకూడదన్నారు. పట్టించుకున్నదెవరు? సిగ్గుతో డాక్టరు దగ్గరికి వెళ్ళని మగవాళ్ళు ఉన్నంతకాలం ఆ గోడలు ఖాళీగా ఉండవు.

ఇదేం కొత్త రోగం కాదు. ఆయుర్వేదం ఎనిమిది అంగాల్లో వాజీకరణం, అంటే మగతనం పెంచే వైద్యం, ఒకటి. యూరప్ వాళ్ళు కూడా తక్కువేం తినలేదు, 1889లో బ్రౌన్ సెకార్ అనే పెద్ద శాస్త్రవేత్త 72 ఏళ్ళ వయసులో కుక్కల, గినీ పందుల వృషణాల రసం తనకి తనే ఎక్కించుకుని వయసు తగ్గిందని సభలో చెప్పాడు, 1920 నుంచి పారిస్‌లో వొరొనాఫ్ అనే సర్జన్ కోతుల వృషణాల ముక్కలు మనుషులకి అతికించాడు, డబ్బున్నోళ్ళు క్యూ కట్టారు. ఫలితం సున్నా.

ఆ మోజు తగ్గాక ఇదంతా మనసు జబ్బే అన్నారు. 1970ల దాకా చాలామంది డాక్టర్లది అదే మాట, కౌన్సెలింగ్ తప్ప పెద్దగా దారి లేదు. 1973లో అమెరికాలో స్కాట్ అనే డాక్టర్ టీమ్ అంగంలో అమర్చే, పంపు నొక్కితే నిండే ఇంప్లాంట్ తెచ్చింది గానీ అది ఆపరేషన్, అందరి వల్లా అయ్యేది కాదు.

అసలు మలుపు 1982లో. పారిస్‌లో విరాగ్ అనే రక్తనాళాల సర్జన్, రక్తనాళాల్ని వదులు చేసే పాపావెరిన్ మందుని అంగంలోకి ఇంజెక్ట్ చేస్తే మనసుతో సంబంధం లేకుండా స్తంభన వస్తుందని రాశాడు. మరుసటి ఏడు లాస్ వెగాస్‌లో యూరాలజిస్టుల మీటింగు, సాయంత్రం సెషన్, కొందరు భార్యలతో సహా టిప్‌టాప్‌గా తయారై వచ్చారు. బ్రిండ్లీ అనే బ్రిటిష్ ఫిజియాలజిస్టు ట్రాక్‌సూట్‌లో స్టేజి ఎక్కి స్లైడ్లు చూపించాడు, తర్వాత ఇక్కడికి వచ్చే ముందే హోటల్ రూములో ఇంజెక్షన్ వేసుకున్నానని చెప్పి ప్యాంటు కిందికి లాగేశాడు! అంతటితో ఆగకుండా మీరే చెక్ చేసుకోండి అని జనంలోకి దిగబోతే ముందు వరస ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. మర్యాద సంగతి ఎలా ఉన్నా ఆయన చెప్పదలచుకున్నది మాత్రం అందరికీ ఎక్కింది, చాలా కేసుల్లో ఇది రక్తం పారే వ్యవహారం.

ఇక ఫైజర్ అనే మందుల కంపెనీ. ఇంగ్లండ్‌లోని శాండ్‌విచ్ ల్యాబ్‌లో గుండెనొప్పి కోసం సిల్డెనాఫిల్ చేస్తే గుండెకి అంతంతమాత్రం, కానీ ట్రయల్స్‌లో ఉన్న మగవాళ్ళు వేరే సంగతి చెప్పారు. 1998 మార్చి 27న వయాగ్రా పేరుతో దానికి అమెరికాలో అనుమతి వచ్చింది, ఆ నీలం టాబ్లెట్ ఇదే. ఇది కోరిక పుట్టించే మందు కాదు, కోరిక కలిగినప్పుడు నరాల్లోంచి నైట్రిక్ ఆక్సైడ్ వచ్చి రక్తనాళాలు వదులవుతాయి, ఆ పనిని మధ్యలో ఆపేసే పీడీఈ5 ఎంజైముని ఈ టాబ్లెట్ అడ్డుకుంటుంది, అంతే. ఇది నాలుగైదు గంటలు, తర్వాత వచ్చిన టడలాఫిల్ అయితే 36 గంటల దాకా. షుగర్ బాగా ముదిరినవాళ్ళకి, ప్రోస్టేట్ ఆపరేషన్‌లో నరాలు దెబ్బతిన్నవాళ్ళకి చాలాసార్లు ఇవి చాలవు, అప్పుడే ఇంజెక్షన్, వాక్యూమ్ పంపు, చివరికి ఇంప్లాంట్.

మన దేశంలో అప్పట్లో మందు తయారీ పద్ధతికే పేటెంట్, మందుకి లేదు, అందుకే 2001 నుంచే పెనెగ్రా, కావెర్టా లాంటి మన కంపెనీల బ్రాండ్లు చవగ్గా వచ్చేశాయి, ఫైజర్ అసలు వయాగ్రా 2005 చివర్లో గానీ ఇక్కడికి రాలేదు. రూల్ ప్రకారం డాక్టర్ చీటీ ఉండాలి, చాలా షాపుల్లో అడిగేవాడే ఉండడు.

అదే అసలు భయం. అంగంలోని రక్తనాళాలు గుండెవాటి కంటే సన్నం, అందుకని పూడిక ముందు ఇక్కడే తెలుస్తుంది, అంటే స్తంభన తగ్గడం కొందరికి గుండెజబ్బు ముందస్తు కబురు, ఆ చెకప్ లేకుండా టాబ్లెట్ మింగితే కబురు అందదు. ఛాతీనొప్పికి సార్బిట్రేట్ వాడేవాళ్ళు దీన్ని అసలు ముట్టుకోకూడదు, రెండూ కలిస్తే బీపీ ప్రాణం మీదికి వచ్చేంత పడిపోతుంది. పైగా "అంతా మూలికలే" అని అమ్మే పొడుల్లో, క్యాప్సూల్స్‌లో లేబుల్ మీద లేకుండా సిల్డెనాఫిల్ కలిపినవి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎన్నోసార్లు పట్టుకుంది, అలాంటిది మింగిన గుండె పేషెంటుకి తను ఏం వేసుకున్నాడో తెలీదు, క్యాజువాలిటీలో డాక్టర్ అడిగినా చెప్పలేడు.