కర్రలు కట్టినవాళ్లే గానీ విప్పినవాళ్లు లేరు

కొత్త వైరస్ పేరు టీవీ స్క్రోలింగ్‌లో కనబడితే చాలు, కోనసీమ వాట్సాప్ గ్రూపుల్లో పాత తగువు లేస్తుంది. కోవిడ్ రోజుల్లో జనం అనవసరంగా భయపడ్డారా, భయపెట్టారా? జనతా కర్ఫ్యూ, పళ్లేలు మోగించడం అందరికీ గుర్తే, వాటి జోలికి పోనక్కర్లేదు. 2021 జూలైలో రాజోలు మండలంలో తెరిపించిన ఒక ఇంటి తలుపు దగ్గర మొదలుపెడితే చాలు.

పొరుగున ఒకరు కోవిడ్‌తో పోయాక ఆ కుటుంబం గడియ పెట్టుకుంది. సుమారు 15 నెలలు ఆడవాళ్లు గడప దాటలేదు. ఇంటి స్థలానికి వేలిముద్ర వేయమని వలంటీరు వెళ్తే, బయటికొస్తే చచ్చిపోతామన్నారు. అప్పుడు గానీ సర్పంచికీ పోలీసులకూ సంగతి చేరలేదు. మళ్లీ 2022 డిసెంబరులో కాజులూరు మండలంలో తల్లీకూతుళ్లది ఇదే వరస. వాళ్లను కాకినాడ ప్రభుత్వాసుపత్రికి (జీజీహెచ్) తరలించారు.

ముందే మానసిక జబ్బు ఉండి ఉంటుందనేది అధికారుల వైపు మాట. కొన్ని ఇళ్లలో నిజమే కావచ్చు. కానీ రోగం ఇంట్లోకి రావడానికి ఎంత తతంగం జరిగిందో చూడండి: 108 సైరన్, వీధంతా బ్లీచింగ్, వాకిలికి అడ్డంగా వెదురు కర్రలు. పోయిందని చెప్పడానికి మాత్రం ఏ తతంగమూ లేదు. 2020 జూలై నిబంధన ప్రకారం ఇంట్లో ఉన్న రోగికి లక్షణాలు మొదలయ్యాక 10 రోజులు, అందులో చివరి 3 రోజులు జ్వరం లేకుండా, ఆపైన ఇంకో వారం విడిగా ఉండటం. 2022 జనవరికి మొత్తం 7 రోజులకు దించారు. ఆ మార్పు గడప దాకా ఎవరు మోసుకొచ్చారు? కర్రలు చివరికి ఏ పొట్లపాదుకో పందిరి గుంజలైపోయి ఉంటాయి. ఇళ్లకు కోవిడ్ పోస్టర్లు అంటించమని మేం చెప్పలేదని కేంద్రమే సుప్రీంకోర్టులో అంది. అధికారి ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప అంటించొద్దని కోర్టు చెప్పేసరికి 2020 డిసెంబరు 9 వచ్చింది.

చావు దగ్గర ఇంకా అన్యాయం. 2020 మార్చి 15 నాటి కేంద్ర మార్గదర్శకాల్లోనే ఉంది: శవాన్ని పెట్టిన సంచి జిప్పు తీసి కడసారి ముఖం చూడొచ్చు, మంత్రం చదవొచ్చు, నీళ్లు చిలకరించొచ్చు, అస్థికలు తీసుకోవచ్చు. స్నానం చేయించడం, ముట్టుకోవడమే కూడదు. కాగితం మీద ఉన్న ఈ వెసులుబాటు చాలా కుటుంబాలకు చెప్పినవాళ్లు లేరు. దూరం నుంచి సంచి చూసి వచ్చేసిన కొడుకుకు, కువైట్‌లో పనిచేస్తూ ఫోన్లో చూసిన తల్లికి ఆ చావు ఇంకా పూర్తి కాలేదు.

కోవిడ్ చావుకిచ్చే పరిహారం రూ.50,000 సంగతీ అంతే. పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లోపు ఆత్మహత్య చేసుకున్నవాళ్ల కుటుంబాలకూ వర్తిస్తుందని 2021లో ఒప్పుకున్నారు. రెండో వేవ్‌లో పరీక్ష లేకుండా, సీటీ స్కాన్ ఒక్కటి పట్టుకుని ఇంట్లోనే పోయినవాళ్ల కుటుంబాలు మాత్రం అది కోవిడ్ చావేనని తేల్చే జిల్లా కమిటీ చుట్టూ తిరగాల్సి వచ్చింది.

2022 అక్టోబరు 10 నుంచి మానసిక సమస్యలకు ఫోన్లో సాయం చేసే టెలి మానస్ ఉంది, నంబరు 14416. కానీ గడియ పెట్టుకున్న మనిషి ఫోన్ చేయదు. 50 ఇళ్లకొకరు చొప్పున ఉన్న వలంటీర్లూ ఇప్పుడు లేరు. ఒకటో తారీఖున సచివాలయం మనిషి వచ్చేది పింఛను ఉన్న ఇంటికే. మిగిలింది ఆశా కార్యకర్త. 30 దాటినవాళ్లకు ఆమె నింపే ఫారంలో మనసు గురించి రెండు ప్రశ్నలున్నాయి: గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి తగ్గిందా, దిగులుగా ఉందా? ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 3 దాటితే పైకి పంపాలి. అరుగు మీద, అత్తగారి ఎదురుగా, బీపీ చూస్తూ చూస్తూ అడిగితే వచ్చే జవాబు "బానే ఉందండీ". ఫారంలో సున్నా పడుతుంది.