నంగల్‌లో ఆగిన గ్రీన్ హైడ్రోజన్‌కు కాకినాడలో మరో అవకాశం
జల, సౌర విద్యుత్తు వంటి కాలుష్యం లేని కరెంటుతో నీటి నుంచి తీసే గ్రీన్ హైడ్రోజన్‌ను రేపటి ఇంధనంగా పరిచయం చేస్తుంటారు. మన పరిశ్రమకు మాత్రం అది అరవై ఏళ్ల కిందటే తెలుసు. 1961లో ఉత్పత్తి మొదలుపెట్టిన పంజాబ్‌లోని నంగల్ ఎరువుల కర్మాగారం, భాక్రా-నంగల్ జలవిద్యుత్తుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసేది. దాన్ని గాలిలోని నత్రజనితో కలిపి అమ్మోనియా, ఆ అమ్మోనియాతో కాల్షియం అమ్మోనియం నైట్రేట్ తయారుచేసేవారు. హైడ్రోజన్ కోసం బొగ్గు, గ్యాస్ అక్కర్లేదు. నీటిని విడగొట్టే ఆ ఎలక్ట్రోలైజర్ల పుణ్యమా అని, అణు రియాక్టర్లలో వాడే భారజలం తీసే దేశంలోని మొట్టమొదటి కర్మాగారం కూడా 1962లో అక్కడే వెలిసింది.

అంత చక్కని ఏర్పాటు కరెంటు దగ్గర చిక్కుకుంది. కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా విద్యుత్తు కావాలి. పొలాల్లో బోర్లు, ఊళ్లలో దీపాలు పెరిగేకొద్దీ నంగల్‌కు సరఫరా కుదించుకుపోయింది. 1970ల చివరి విస్తరణలో హైడ్రోజన్ కోసం నీటి బదులు ఫర్నేస్ ఆయిల్ వచ్చింది, తర్వాత సహజవాయువు. సహజవాయువు నుంచి కిలో హైడ్రోజన్ తీస్తే దాదాపు 9 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఆ నష్టాన్ని అప్పట్లో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

సౌరవిద్యుత్తు చౌక కావడంతో లెక్క మారింది. 2023 జనవరిలో కేంద్రం 19,744 కోట్ల రూపాయలతో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉత్పత్తి దాని లక్ష్యం. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. కాకినాడలో ఏఎం గ్రీన్ సంస్థ ఏటా పది లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా తలపెట్టింది. అమ్మోనియా ప్లాంటును పొద్దుగూకగానే ఆపి తెల్లవారి నడపడం కుదరదు. అందుకే నంద్యాల జిల్లా పిన్నాపురంలోని పంప్డ్ స్టోరేజీ విద్యుత్ కేంద్రం మీద ఆ సంస్థ ఆధారపడుతోంది. పగటి సౌరవిద్యుత్తుతో నీటిని ఎగువ జలాశయానికి తోడి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీస్తారు.

గ్రీన్ హైడ్రోజన్ ముందుగా చేరాల్సింది కార్లకు, బస్సులకు కాదు, ఎరువులకేనని నా గట్టి నమ్మకం. అక్కడ దాని అవసరం కొత్తగా పుట్టించాల్సిన పని లేదు. అయితే యూరియాకు కార్బన్ డయాక్సైడ్ కూడా కావాలి. ఇప్పుడు అది సహజవాయువు నుంచే వస్తోంది. కాబట్టి మొదటి అడుగు, కార్బన్ డయాక్సైడ్ అక్కర్లేని డీఏపీ, కాంప్లెక్స్ ఎరువులదే. తీరం వెంట ఉన్న ఆ కర్మాగారాలు చాలావరకు ఓడల్లో దిగుమతయ్యే అమ్మోనియాతో నడుస్తున్నాయి. 2025లో కేంద్ర ప్రభుత్వ సౌరవిద్యుత్ సంస్థ సెకీ నిర్వహించిన వేలంలో అలాంటి కర్మాగారాలకే పదేళ్ల స్థిర ధరతో గ్రీన్ అమ్మోనియా సరఫరా ఖరారైంది. నంగల్‌కు ఆనాడు దక్కనిది ఈ దీర్ఘకాలిక భరోసాయే. సరఫరాదారులు ఆ ధరకే పదేళ్లూ కరెంటు సమకూర్చుకోగలగాలి.