మాలిమి లేని గుర్రానికి ఇల్లు

ఇంగ్లండు నైరుతి మూలన, సోమర్సెట్, డెవన్ కౌంటీల మధ్య ఎక్స్‌మూర్ అనే ఎత్తయిన బీడు ప్రాంతం ఉంది. ముతక గడ్డి, ముళ్లపొదలు, విడవని వాన తప్ప పెద్దగా ఏమీ లేని ఆ నేల మీద తరతరాలుగా పొట్టి గుర్రాలు తిరుగుతున్నాయి. భుజం దగ్గర కొలిస్తే 130 సెంటీమీటర్లు దాటవు. గోధుమ రంగు ఒళ్లు, మూతికీ కళ్లకూ చుట్టూ పిండి రంగు అంచు. చలికాలంలో వాటికి రెండు పొరల బొచ్చు పెరుగుతుంది. లోపలి పొర వెచ్చగా ఉంచుతుంది, పై పొర మీద నీళ్లు నిలవవు. తోక మొదట్లో విసనకర్రలా పరుచుకునే పొట్టి వెంట్రుకలు వానను తొడల మధ్యకు రానీయకుండా పక్కలకు జార్చేస్తాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. సైనికులు గురి నేర్చుకోవడానికి కొన్నింటిని కాల్చారు, ఆహార కొరత రోజుల్లో కొన్నింటిని మాంసానికి దొంగిలించారు. యుద్ధం ముగిసేసరికి సుమారు 50 మిగిలాయి. మేరీ ఎథరింగ్టన్ అనే ఆవిడ, కొందరు స్థానిక రైతులు పట్టుబట్టి నిలబెట్టకపోతే ఈ వ్యాసానికి పనే ఉండేది కాదు.

ఆ గుర్రాలకు ఇప్పుడు కొత్త కొలువు దొరికింది. పొదలు కమ్ముకొస్తున్న రక్షిత భూముల్లో మేయడమే వాటి పని. ఇంగ్లండు దక్షిణాన ససెక్స్‌లోని నెప్ ఎస్టేటుకు 2003లో వచ్చాయి. చెక్ దేశంలో మిలొవిత్సే దగ్గర సైన్యం వదిలి వెళ్లిన శిక్షణ మైదానంలో 2015 జనవరిలో 14 ఆడగుర్రాలను దింపారు. యంత్రంతో కోస్తే గడ్డి అంతా ఒకే ఎత్తుకు వస్తుంది. గుర్రం మేత తీరు వేరు. ఆవుకు పై దవడలో ముందుపళ్లు లేవు కనుక నాలుక చుట్టి గడ్డిని లాగి తెంపుతుంది. గుర్రానికి పైనా కిందా పళ్లున్నాయి, అందుకే నేలకు ఆనించి కొరకగలదు. ఒకచోట నున్నగా మేస్తుంది, మరోచోట లద్దె వేసి ఆ మేర గడ్డిని ముట్టకుండా వదిలేస్తుంది. నెమరు వేయదు. మేత పులిసేది పెద్దపేగు భాగంలో కాబట్టి సారం తక్కువగా ఉన్న గడ్డిని కూడా ఎక్కువెక్కువగా తిని త్వరగా బయటికి పంపేసి బతికేస్తుంది. ఇలా పొట్టి గడ్డి, పొడుగు గడ్డి కలగలిసిన నేల మీద పురుగులకు, పూలకు చోటు దొరుకుతుంది. దక్షిణ ఇంగ్లండు సున్నపురాతి కొండల మీద కనిపించే అడోనిస్ బ్లూ అనే నీలి సీతాకోకచిలుకనే చూడండి. దాని గొంగళిపురుగు హార్స్‌షూ వెచ్ అనే ఒకే ఒక్క మొక్కను తింటుంది. ఆ మొక్క మీదికి ఎండ నేరుగా పడాలి, చుట్టూ గడ్డి కొన్ని సెంటీమీటర్లు మించకూడదు. ఎవరో ఒకరు మేయాల్సిందే.

ఈ పనికి మనిషంటే గిట్టని గుర్రమే మేలు. నడకకు వచ్చినవాళ్లు రొట్టెముక్కలు పెట్టి అలవాటు చేసిన గుర్రం మేత మాని సంచులు వెతుకుతుంది, దొరక్కపోతే కరుస్తుంది. ఇలా చెడిన గుర్రాలను చివరికి అక్కడి నుంచి తీసేయాల్సి వస్తుంది. దక్షిణ ఇంగ్లండులో గుర్రాలు స్వేచ్ఛగా తిరిగే న్యూ ఫారెస్ట్‌లో 2023లో గుర్రాలకు తిండి పెట్టడాన్ని, వాటిని నిమరడాన్ని నిషేధించి జరిమానా కూడా పెట్టారు. కడుపులో పురుగులకు పోసే మందుతోనూ ఒక చిక్కుంది. ఐవర్‌మెక్టిన్ వంటివి లద్దెలోకి వచ్చి పేడపురుగుల పిల్లలను చంపేస్తాయి కాబట్టి, అవసరం తేలితే తప్ప మందు పొయ్యరు. అంటే చాలా గుర్రాలను ఏళ్ల తరబడి ఎవరూ చేత్తో తాకరు. కావాలని చేసిన ఏర్పాటే అది, సబబైనదే.

కానీ గుర్రాలు ఈనుతాయి. ఆడగుర్రం ఏడాదికో పిల్లను పెట్టగలదు, పిల్లల్లో దాదాపు సగం మగవి, మందకు ఒక మగగుర్రం చాలు. భూమి మాత్రం పెరగదు. గుర్రాలు ఎక్కువైతే కాపాడాలనుకున్న పూలే ముందు పోతాయి. అందుకే ఎక్స్‌మూర్‌లో ఏటా శరదృతువులో మందలను దొడ్లలోకి తోలుకొచ్చి, పిల్లలను పరీక్షించి, మిగులును వేరు చేస్తారు. వీటికి ఇళ్లు వెతకడానికే మూర్‌లాండ్ మౌసీ ట్రస్ట్ అనే సంస్థ పుట్టింది.

ఇక్కడ ఒక ఆరు నెలల పిల్ల దిక్కు నుంచి ఆలోచించండి. కొద్ది రోజుల్లోనే దానికి తల్లి దూరమవుతుంది, మంద చెదిరిపోతుంది. ఎన్నడూ చూడని గోడల మధ్య నిలబెడతారు, లారీ ఎక్కిస్తారు. ఇంగ్లండులో 2020 అక్టోబరు నుంచి ప్రతి గుర్రానికీ ఒంట్లో గుర్తింపు మైక్రోచిప్ ఉండాలి. బీడు మీద స్వేచ్ఛగా తిరిగేవాటికి మినహాయింపు ఉంది కానీ, ఆ నేల దాటగానే అది పోతుంది. కాబట్టి చిప్ ఎక్కించడానికి మెడలో సూది. మగపిల్ల అయితే తర్వాత బీజాలు తీసే శస్త్రచికిత్స. మనిషి గురించి ఆ జంతువు నేర్చుకునే మొదటి పాఠాలన్నీ ఇవే. ఆ తర్వాత వచ్చే కొత్త యజమాని ఎంత మంచివాడైనా, అప్పటికే రాసేసిన పలక మీద రాయాల్సిందే. నా ఉద్దేశంలో ఇలాంటి గుర్రం బాగుపడుతుందా లేదా అన్నది కొనేవాళ్ల ప్రేమ కంటే ఈ తొలి వారాల క్రమం మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

మచ్చిక చేయడంలో మాయ లేదు. గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, దాదాపు చుట్టూ చూడగలదు. కానీ సరిగ్గా నుదుటి ముందు, ముక్కు కింద, తోక వెనక దానికి కనిపించదు. ముద్దుగా నుదురు నిమరబోయే చెయ్యి దగ్గరికి వచ్చేకొద్దీ దాని చూపులోంచి మాయమవుతుంది. అందుకే తెలిసినవాళ్లు భుజం వైపు నుంచి, ఓరగా, తిన్నగా కళ్లలోకి చూడకుండా వెళతారు. పిల్ల చెవి ఇటు తిరుగుతుంది, తల పైకి లేస్తుంది, ముందుకాలి కండ బిగుస్తుంది. ఇంకో అడుగు వేస్తే దూకుతుందనగా ఆగాలి. అది ఊపిరి వదిలి తల కాస్త దించిన క్షణంలో మనమే వెనక్కి తగ్గాలి. ఒత్తిడి ఎప్పుడు తొలగిందో ఆ క్షణంలో తాను చేసిన పనినే గుర్రం గుర్తుపెట్టుకుంటుంది. అది ఎగిరి దూకినప్పుడు మనం భయపడి తగ్గామా, దూకడమే నేర్పినట్టు. మొదటి స్పర్శకు కొందరు పొడుగాటి వెదురుకర్ర చివర చేతితొడుగు కట్టి వాడతారు. తన్ను తగలని దూరంలో నిలబడి, జూలు మొదట్లో మెల్లగా గోకుతారు.

ఆ చోటు యాదృచ్ఛికం కాదు. గుర్రాలు ఎదురెదురుగా నిలబడి ఒకదాన్నొకటి పళ్లతో గోక్కునేది అక్కడే. క్లోడియా ఫే, జాన్ ద మజియేర్ అనే పరిశోధకులు ఫ్రాన్స్‌కు చెందిన కామార్గ్ జాతి గుర్రాలపై చేసి 1993లో ప్రచురించిన అధ్యయనంలో, మెడ మొదట్లో ఆ చోట చేత్తో గోకితే గుండె వేగం తగ్గింది. వేరే చోట గోకితే తగ్గలేదు.

తొందర ఉన్నవాళ్లు ఇంకో దారి పడతారు. మూలకు తోసి, పట్టుకుని, కొట్టుకోవడం ఆగేదాకా వదలరు. గుర్రం ఆగుతుంది. అది లొంగుబాటు, నమ్మకం కాదు. కొన్ని వారాల తర్వాత గిట్టలు చెక్కే మనిషి కాలు ఎత్తబోయినప్పుడు తేడా తెలుస్తుంది. ఒంటరిగా ఒక్క పిల్లను కొనుక్కెళ్లడం కూడా అంతే చెడ్డది. పక్కన నెమ్మదైన మరో గుర్రం ఉంటే, అది మనిషి దగ్గర నింపాదిగా నిలబడటం చూసి పిల్ల సగం భయం వదులుకుంటుంది.

ఇంత ఓపికగా మచ్చిక చేసినవాళ్లు కూడా గుర్రాన్ని పోగొట్టుకునే చోటు ఒకటుంది: పచ్చిక. ముతక గడ్డి మీద బతకడానికి తయారైన ఒళ్లు అది. ఎరువు వేసి పెంచిన వసంతకాలపు మేత మీద వదిలితే చక్కెర ఎక్కువై, రక్తంలో ఇన్సులిన్ పెరిగి, గిట్ట గోడను లోపలి ఎముకకు పట్టి ఉంచే పొరలు దెబ్బతింటాయి. దాన్నే లామినైటిస్ అంటారు. తీవ్రమైతే 300 కిలోల బరువు కింద ఆ ఎముక గిట్టలోపలే ఒరుగుతుంది. దయతో పెట్టిన మేతే నడవలేని గుర్రాన్ని తయారు చేస్తుంది.

కాబట్టి ఇళ్లు వెతకడం కంటే పిల్లలు పుట్టకుండా చూడటం ముందు జరగాలని నేను అనుకుంటాను. న్యూ ఫారెస్ట్‌లో ఇప్పుడు ఎంపిక చేసిన కొద్ది మగగుర్రాలనే, కొద్ది వారాలే వదులుతున్నారు. అమెరికాలో అసటీగ్ దీవి మీద 1994 నుంచి ఏళ్ల తరబడి ఆడగుర్రాలకు దూరం నుంచి బాణంలా కొట్టే టీకా వాడారు. పంది అండాల పైపొరతో తయారైన ఆ టీకా గుర్రం శరీరంలో ప్రతిరక్షకాలు పుట్టించి, వీర్యకణం అండానికి అంటుకోకుండా అడ్డుపడుతుంది. పట్టుకోనక్కరలేదు కాబట్టి మాలిమి లేని మందకు అది సరిపోతుంది. జాతే అరుదైనప్పుడు మాత్రం పుట్టుకలను మరీ బిగించలేరు, ఏ ఆడగుర్రానికి ఏ మగగుర్రం అన్న లెక్క చూసుకోవాలి.

ఇక మిగిలే మగపిల్లలకు అన్నిటికంటే నప్పే ఇల్లు ఎవరి పెరడూ కాదు, మరో బీడు. బీజాలు తీసిన మగగుర్రాల చిన్న గుంపులు పిల్లల బెడద లేకుండా ఏళ్ల తరబడి మేస్తాయి. వాటికి కళ్లెం, జీను నేర్పనక్కరలేదు. దొడ్డిలో అప్పుడప్పుడు కాస్త ఎండుగడ్డి వేసి, తలుపు మూసి, వెంటనే తెరిచి వదిలేస్తూ ఉంటే చాలు. పశువైద్యుడు వచ్చిన రోజున తరమకుండానే నడిచి లోపలికి వస్తాయి.