అంత్యకాల నమ్మకాలు దేశాల దోస్తీని నడిపిస్తాయా? అపోహలు – వాస్తవాలు

నేను పీజీ విద్యార్థులకు అంతర్జాతీయ సంబంధాలు బోధిస్తాను. 2023 అక్టోబరులో గాజా యుద్ధం మొదలైన తర్వాత క్లాసులోనూ, బయటా నన్ను ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఒకటే: అమెరికా ఇజ్రాయెల్‌ని అంతలా ఎందుకు వెనకేసుకొస్తుంది? చాలాసార్లు అడిగినవాళ్లే జవాబు కూడా చెప్పేస్తారు. కొందరు "అంతా బైబిల్ ప్రవచనం సార్, రెండో రాకడ కోసమే" అంటారు, అంటే యేసుక్రీస్తు తిరిగి రావడం కోసమేనని. ఇంకొందరు "మతం పైకి చెప్పే మాట, అసలు సంగతి ఆయిలూ ఆయుధాలే" అని కొట్టిపారేస్తారు. రెండింటిలోనూ సగమే నిజం ఉంది. వేలమంది ప్రాణాలు పోతున్న విషయంలో సగం నిజంతో సరిపెట్టుకోకూడదని నా గట్టి అభిప్రాయం. అందుకే తరచూ వినిపించే మాటల్ని ఒక్కొక్కటిగా తీసుకుంటున్నాను.

అపోహ: ప్రవచనాల మీద నమ్మకంతోనే అమెరికా–ఇజ్రాయెల్ స్నేహం పుట్టింది.

వాస్తవం: తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ మాట నిలవదు. సంఘం ఎత్తబడడం (విశ్వాసులను దేవుడు పరలోకానికి తీసుకుపోవడం), ఏడేళ్ల మహాశ్రమలు, హార్‌మెగిద్దోను అనే అంతిమ యుద్ధం, క్రీస్తు వెయ్యేళ్ల పరిపాలన అనే వరుసను ఈ రూపంలో ప్రచారం చేసింది 19వ శతాబ్దపు బ్రిటిష్ బోధకుడు జాన్ నెల్సన్ డార్బీ. యూదులు తిరిగి పాలస్తీనా చేరడం ఆ వరుసలో తప్పనిసరి మెట్టు. 1909లో అచ్చయిన స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిల్ ఈ బోధను అమెరికాలో ఇంటింటికీ చేర్చింది. అంతకు ముందే, 1891లో, విలియం బ్లాక్‌స్టోన్ అనే బోధకుడు పాలస్తీనాను యూదులకు ఇప్పించమని అధ్యక్షుడు హారిసన్‌కు వినతిపత్రం ఇచ్చాడు. దాని మీద సంతకాలు చేసిన 413 మందిలో రాక్‌ఫెల్లర్, జె.పి. మోర్గాన్, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి కూడా ఉన్నారు. అయినా అమెరికా ప్రభుత్వం కదల్లేదు.

ఇక 1948 మే 14కి వద్దాం. ఇజ్రాయెల్ ఏర్పడిన 11 నిమిషాలకే అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ దాన్ని గుర్తించాడు. ఆ ప్రకటన కాగితాన్ని విద్యార్థులకు తప్పకుండా చూపిస్తాను. టైపు చేసిన నాలుగు లైన్లలో "యూదు రాజ్యం" అన్న మాట కొట్టేసి, పైన చేత్తో "ఇజ్రాయెల్ రాజ్యం" అని రాసి ఉంటుంది. కొత్త దేశం ఏ పేరు పెట్టుకోబోతోందో కూడా తెలియకుండానే గుర్తింపు పత్రం సిద్ధమైపోయింది, అంత హడావుడి. రెండు రోజుల ముందే విదేశాంగ మంత్రి జార్జ్ మార్షల్, గుర్తింపు ఇవ్వమనే సలహా పాటిస్తే ఎన్నికల్లో మీకు వ్యతిరేకంగా ఓటేస్తానని అధ్యక్షుడి ముఖం మీదే చెప్పాడు. ట్రూమన్ బాప్టిస్టు, బైబిల్ బాగా చదివినవాడు. ఆ చదువు ఆయన మనసు మీద పనిచేయలేదని నేననను. అయితే అదే సమయంలో యూరప్ శిబిరాల్లో మగ్గుతున్న యూదు శరణార్థులున్నారు, ముంచుకొస్తున్న ఎన్నికలున్నాయి, తమకంటే ముందు సోవియట్ యూనియన్ గుర్తిస్తుందేమోనన్న టెన్షన్ ఉంది, పాత వ్యాపార భాగస్వామి ఎడ్డీ జాకబ్సన్ చేసిన బతిమాలింపు కూడా ఉంది.

అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. గుర్తింపు ఇచ్చిన అమెరికాయే ఆయుధాల మీద నిషేధం కొనసాగించింది. 1948లో అరబ్ దేశాలతో జరిగిన యుద్ధంలో ఇజ్రాయెల్‌కు తుపాకులు, విమానాలు వచ్చింది చెకొస్లొవేకియా నుంచి, సోవియట్ సమ్మతితో. అంటే ప్రవచనం నెరవేరిందని అమెరికన్ ప్రసంగీకులు సంబరపడుతున్న రోజుల్లో ఆయుధాలు పంపింది దేవుడే లేడనే కమ్యూనిస్టులు! 1950లలో యుద్ధ విమానాలు అమ్మింది ఫ్రాన్స్. 1957లో అమెరికా అధ్యక్షుడు ఐజన్‌హోవర్ ఆంక్షలు పెడతానని బెదిరించి మరీ ఇజ్రాయెల్ సైన్యాన్ని ఈజిప్టులోని సినాయ్ నుంచి వెనక్కి పంపించాడు. అమెరికా జాతీయ ప్రతిజ్ఞలో దేవుడి పేరు చేర్చే చట్టం మీద సంతకం చేసింది కూడా ఆయనే. ఈ రోజు మనం చూస్తున్న గట్టి స్నేహం 1967 యుద్ధం తర్వాత, సోవియట్ ఆయుధాలతో నిలబడ్డ ఈజిప్టు, సిరియాలకు పోటీగా రూపుకట్టింది. 1973 యుద్ధంలో అమెరికా విమానాల మీద విమానాల్లో ఇజ్రాయెల్‌కు ఆయుధాలు పంపడం ప్రచ్ఛన్న యుద్ధపు లెక్క.

మన దేశం సంగతే చూడండి. ఇజ్రాయెల్‌ను 1950లో గుర్తించాం, పూర్తి దౌత్య సంబంధాలు మాత్రం 1992లో పెట్టుకున్నాం. సోవియట్ యూనియన్ కూలిపోవడమే దానికి పెద్ద కారణం, ఇందులో ప్రవచనాల పాత్ర ఏమీ లేదు. అయినా ఇప్పుడు ఇజ్రాయెల్ ఆయుధాలను ఎక్కువగా కొనే దేశాల్లో మనం ముందు వరసలో ఉన్నాం.

అపోహ: క్రైస్తవులందరూ ఇలాగే నమ్ముతారు.

వాస్తవం: కాదు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే దీనివల్ల మన పక్కింటి మనుషుల మీదే లేనిపోని అనుమానాలు పుడతాయి. క్యాథలిక్కులు, ఆర్థడాక్స్ సంఘాలు, లూథరన్లు డార్బీ వరుసను ఒప్పుకోరు. 2006లో జెరూసలేంలోని నాలుగు సంఘాల పెద్దలు కలిసి క్రైస్తవ జియోనిజాన్ని (యూదులు పాలస్తీనాకు తిరిగి చేరడం దేవుడి సంకల్పమనే క్రైస్తవ వాదాన్ని) తప్పు బోధగా తోసిపుచ్చుతూ ప్రకటన ఇచ్చారు. బెత్లెహేములో తరతరాలుగా ఉంటున్న పాలస్తీనా క్రైస్తవుల గొంతు ఆ ప్రకటనలో వినిపిస్తుంది.

మన గోదావరి జిల్లాలకు ఈ చరిత్రతో నేరుగా సంబంధం ఉంది. 1836లో ఆంథనీ నోరిస్ గ్రోవ్స్ వెంట వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ నరసాపురం కేంద్రంగా బ్రదరన్ సంఘాలకు పునాది వేశారు. గ్రోవ్స్, డార్బీ ఇద్దరూ డబ్లిన్‌లో ఆ ఉద్యమపు తొలితరం మనుషులు. ఆ తర్వాత విధానాల దగ్గర ఇద్దరికీ తేడాలొచ్చాయి, అది వేరే కథ. రాకడ గురించీ, ఇజ్రాయెల్ గురించీ మన బ్రదరన్, పెంతెకొస్తు సంఘాల్లో వినిపించే బోధకు ఆ కాలపు వేర్లున్నాయి. అదే ఊళ్లో లూథరన్ గుడికో, ఆర్‌సీఎం చర్చికో వెళ్లేవాళ్లు బైబిల్ చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథాన్ని వేరేగా చదువుతారు. ఇంకో మాట. రాకడ కోసం ఎదురుచూసే మన ఊరి పెద్దమ్మకు భారత విదేశాంగ విధానం మీద ఏ ప్రభావమూ లేదు. నమ్మకం ఉండడం వేరు, అది ఓటుగా, సంస్థగా, పార్టీ మీద ఒత్తిడిగా మారడం వేరు.

అమెరికాలోనే దీనికి మంచి రుజువుంది. ప్యూ అనే సర్వే సంస్థ 2022లో అడిగితే అమెరికా వయోజనుల్లో 39 శాతం మంది మనం అంత్యకాలంలోనే ఉన్నామన్నారు. ఇవాంజెలికల్స్‌లో (బైబిల్‌కూ, సువార్త ప్రచారానికీ పెద్దపీట వేసే ప్రొటెస్టెంట్లలో) ఆ సంఖ్య 63 శాతం, నల్లజాతి ప్రొటెస్టెంట్లలో ఏకంగా 76 శాతం. అందరికంటే ఎక్కువగా నమ్మేది నల్లజాతి సంఘాలే. మరి ఇజ్రాయెల్ కోసం వాషింగ్టన్‌లో ఒత్తిడి తెచ్చే సంస్థలను నడిపేది ప్రధానంగా తెల్లజాతి ఇవాంజెలికల్స్. ఒకే నమ్మకం నుంచి రెండు వేర్వేరు రాజకీయాలు వచ్చాయి.

అపోహ: అధ్యక్షుడు ఏది నమ్మితే విధానం అలా మారుతుంది.

వాస్తవం: అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ తాను తిరిగి జన్మించిన క్రైస్తవుణ్ణని బాహాటంగా చెప్పుకున్నవాడు, వయసు మీద పడ్డాక కూడా సండేస్కూలు పాఠాలు చెప్పినవాడు. పాలస్తీనీయులకు సొంత నేల ఉండాలని 1977లో బహిరంగంగా అన్న అధ్యక్షుడు ఆయనే. రీగన్‌కు హార్‌మెగిద్దోను మీద ఎంత ఆసక్తంటే, 1984 ఎన్నికల చర్చలో దాని గురించి ప్రశ్న ఎదుర్కోవాల్సి వచ్చింది. ఆ ప్రవచనాన్ని బట్టి ప్రణాళికలు వేయాలని తానెప్పుడూ అనలేదని జవాబిచ్చాడు. అంతకు ముందు 1981లో ఇజ్రాయెల్ వద్దన్నా వినకుండా సౌదీకి అవాక్స్ నిఘా విమానాలు అమ్మాడు. సెనేట్‌లో 52–48తో గట్టెక్కింది. 1987లో సోవియట్ నేత గోర్బచెవ్‌తో కలిసి మధ్యశ్రేణి అణు క్షిపణుల రద్దుకు సంతకం చేశాడు.

అపోహ: అలాగైతే మతం పాత్ర ఏమీ లేదు, అంతా స్వార్థమే.

ఇది చదువుకున్నవాళ్లు ఎక్కువగా నమ్మే అపోహ. జెరూసలేం ఎంబసీ సంగతి చూస్తే ఇది తేలిపోతుంది. రాయబార కార్యాలయాన్ని టెల్ అవీవ్ నుంచి అక్కడికి మార్చాలని అమెరికన్ కాంగ్రెస్ 1995లోనే చట్టం చేసింది. క్లింటన్, బుష్, ఒబామా ముగ్గురూ భద్రతా కారణాలు చూపి, ఆరేసి నెలలకు ఒకసారి సంతకం పెడుతూ వాయిదా వేశారు. మార్చడం వల్ల అమెరికాకు సైనికంగా కానీ, వ్యాపారపరంగా కానీ ఒరిగేదేమీ లేదు, అరబ్ దేశాలతో తలనొప్పి తప్ప. అయినా 2017 డిసెంబరులో ట్రంప్ ఆ నిర్ణయం తీసుకున్నాడు. 2018 మే 14న ఎంబసీ ప్రారంభంలో ప్రార్థనలు చేసినవాళ్లలో పాస్టర్లు రాబర్ట్ జెఫ్రెస్, జాన్ హేగీ ఉన్నారు. హేగీ 2006లో ఇజ్రాయెల్ కోసం ఇవాంజెలికల్స్‌ని కూడగట్టే సంస్థ పెట్టిన వ్యక్తి. 2020లో విస్కాన్సిన్ సభలో ట్రంప్ అది ఇవాంజెలికల్స్ కోసమేనని తన నోటితోనే చెప్పాడు. ట్రంప్ ప్రవచనాలు చదివి ఆ పని చేశాడని ఎవరూ అనుకోరు. ఆ ఓటర్లు లేకుండా ఆయన గెలవలేడు, లెక్క అంతే.

నా అంచనా ఏమిటంటే, అంత్యకాల నమ్మకం స్నేహాన్ని పుట్టించలేదు. పుట్టిన స్నేహాన్ని వదులుకోవాలంటే నాయకుడు చెల్లించాల్సిన రాజకీయ మూల్యాన్ని పెంచింది. ప్రతీకల దగ్గర దాని బలం బాగా కనిపిస్తుంది. డబ్బూ ఆయుధాల దగ్గర వేరే కారణాలు ముందుంటాయి. పదేళ్లకు 38 బిలియన్ డాలర్ల సైనిక సాయం ఒప్పందం 2016లో ఒబామా ప్రభుత్వం చేసిందే. ఇవాంజెలికల్స్ ఆయనకు ఓటు బ్యాంకు కాదు కదా!

ఇంకో సూక్ష్మం ఉంది. ఇజ్రాయెల్‌ని సమర్థించే ఇవాంజెలికల్స్ అందరూ ప్రళయం కోసం తొందరపడుతున్నారనుకోవడం అన్యాయం. చాలామంది ఎత్తి చూపేది ప్రకటన గ్రంథాన్ని కాదు, ఆదికాండం 12వ అధ్యాయంలో అబ్రాహాముకు దేవుడిచ్చిన మాటను: నిన్ను ఆశీర్వదించేవారిని ఆశీర్వదిస్తాను అన్నదాన్ని. వాళ్ల దృష్టిలో ఇది దీవెనకు సంబంధించిన సంగతి, యుద్ధానికి సంబంధించింది కాదు.

అపోహ: ఇవాంజెలికల్స్ బలపడిన ప్రతి దేశమూ ఇదే దారి పడుతుంది.

గ్వాటెమాలా పట్టింది. ఇవాంజెలికల్ అయిన అధ్యక్షుడు జిమ్మీ మొరాలెస్, అమెరికా తర్వాత రెండు రోజులకే ఎంబసీ మార్చాడు. బ్రెజిల్ పట్టలేదు. 2016లో యొర్దాను నదిలో మునిగి బాప్తిస్మం తీసుకున్న బోల్సొనారో, 2018లో ఇవాంజెలికల్ ఓట్లతో గెలిచి, ఎంబసీ మారుస్తానని మాటిచ్చాడు. ఆ మాట బయటికొచ్చిన కొద్ది రోజులకే బ్రెజిల్ విదేశాంగ మంత్రి పర్యటనను ఈజిప్టు వాయిదా వేసింది. ప్రపంచంలో హలాల్ మాంసం ఎక్కువగా ఎగుమతి చేసే దేశం బ్రెజిల్. కోళ్ల ఫారాలు, పశువుల మందల యజమానులు కూడా బోల్సొనారో ఓటర్లే. అరబ్ మార్కెట్ పోతుందని వాళ్లు గోల పెట్టారు. చివరికి 2019లో జెరూసలేంలో ఒక వాణిజ్య కార్యాలయం తెరిచి ఊరుకున్నారు, ఎంబసీ టెల్ అవీవ్‌లోనే ఉండిపోయింది. మతం ఎంతదూరం లాగగలదో, ఎక్కడ ఆగుతుందో ఇంత స్పష్టంగా చూపించే ఉదాహరణ నాకు ఇంకోటి కనబడలేదు.

అపోహ: ఇరాన్ మాత్రం మహదీ రాక కోసమే ప్రపంచంతో తలపడుతోంది.

వాస్తవం: పన్నెండో ఇమామైన మహదీ తిరిగొస్తాడన్నది షియాల మూల విశ్వాసం. అప్పటి ఇరాన్ అధ్యక్షుడు అహ్మదీనెజాద్ 2005లో ఐక్యరాజ్యసమితిలోనే ఆయన రాక కోసం ప్రార్థించాడు. కానీ ఇరాన్ పొత్తులు చూడండి. షియాలు అధికంగా ఉన్న పక్కదేశం అజర్‌బైజాన్‌తో పొసగదు, క్రైస్తవ అర్మేనియాతో సఖ్యత. 1980లలో ఇరాక్‌తో యుద్ధం చేస్తూ ఇజ్రాయెల్ ఆయుధాలు కూడా తీసుకుంది. 1988లో ఇరాన్ అధినేత ఖొమేనీ విషం తాగినట్టుందంటూనే కాల్పుల విరమణకు ఒప్పుకున్నాడు. 2023లో చైనా మధ్యవర్తిత్వంతో సౌదీతో రాజీపడింది. రేపే ప్రళయమనుకునే ప్రభుత్వం ఇన్ని సర్దుబాట్లు చేసుకోదు. నిజంగా అలా నడుచుకున్నది ఐసిస్ ఉగ్రవాద సంస్థ. అదీ చివరికి, అంతిమ యుద్ధం జరుగుతుందని ఊదరగొట్టిన సిరియా ఊరు దాబిక్‌ని 2016 అక్టోబరులో పెద్దగా పోరాడకుండానే వదిలేసింది. దానికి మిత్రదేశమంటూ ఒక్కటీ లేదు.

అపోహ: అమెరికాలో ఈ మద్దతు ఎప్పటికీ తగ్గదు.

వాస్తవం: ఇప్పటికే తగ్గుతోంది. 30 ఏళ్లలోపు ఇవాంజెలికల్స్‌లో ఇజ్రాయెల్ పట్ల మద్దతు 2018కీ 2021కీ మధ్యే బాగా పడిపోయిందని పరిశోధకులు గమనించారు. అప్పటికింకా గాజా యుద్ధం మొదలే కాలేదు. వెయ్యేళ్ల పరిపాలనను అక్షరాలా తీసుకోని వేదాంతం ఆ వయసువాళ్లలో పెరగడం కూడా ఒక కారణమంటున్నారు. 2016 నాటి సైనిక సాయం ఒప్పందం 2028తో ముగుస్తుంది. తర్వాతి ఒప్పందం మీద కాంగ్రెస్‌లో చర్చ వచ్చినప్పుడు, ఏ నియోజకవర్గాల సభ్యులు గొంతు తగ్గిస్తారో నేను అక్కడ చూస్తాను.