ఎద్దు నోరు తెరిచి చూస్తే

సంతలో ఎద్దుని కొనేవాడు ముందు దాని నోరు తెరుస్తాడు. రెండు పళ్లా, నాలుగా, ఆరా అని చూసి వయసు తేల్చేస్తాడు. ఆ పళ్లనే ఇంకాస్త శ్రద్ధగా చూస్తే, పశువు ఏ వయసులో ఫ్లోరైడ్ విషం మింగిందో కూడా చెప్పొచ్చు. ఈ చదువు కోసం ఏళ్ల తరబడి కష్టపడిన ఒక పశువైద్య శాస్త్రవేత్త గురించి రాయాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను, ఎందుకంటే ఆ కథ తిరిగి తిరిగి మన నల్గొండ దగ్గరికే వస్తుంది.

ఆయన జేమ్స్ షూప్, అమెరికాలోని యూటా స్టేట్ యూనివర్సిటీలో పనిచేశారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో యూటా లోయలో పెద్ద ఉక్కు ఫ్యాక్టరీ వెలిసింది. దాని పొగలోని ఫ్లోరైడ్ చుట్టుపక్కల గడ్డి మీద పడేది, ఆ గడ్డి మేసిన ఆవులు కుంటడం మొదలుపెట్టాయి. ఫ్యాక్టరీ వల్లే అన్నారు రైతులు. నిజమే, కానీ కుంటిన ప్రతి ఆవూ ఫ్లోరైడ్ వల్లే కుంటదు కదా, గిట్ట చీము పట్టి ఉండొచ్చు, మేతలో భాస్వరం చాలక కావొచ్చు. ఎంత ఫ్లోరైడ్ తింటే ఎముకకి ఏమవుతుందో కొలిచి చూస్తే తప్ప తేలదు.

అందుకని షూప్, ఆయన తోటివాళ్లు మూడు నాలుగు నెలల పెయ్యల్ని తీసుకుని, మేతలో పది లక్షల పాళ్లకి 12, 27, 49, 93 పాళ్ల చొప్పున ఫ్లోరైడ్ ఉండేలా చూసి, వాటికి ఏడున్నరేళ్లు వచ్చేదాకా మేపారు. ఒక్క ప్రయోగానికి ఏడేళ్లు పైనే! 1963లో ఫలితాలు అచ్చయ్యాయి. అంతకాలం ఎందుకంటే, ఒంట్లో నిలిచే ఫ్లోరైడ్‌లో దాదాపు 99 శాతం ఎముకల్లో, పళ్లలోనే చేరుతుంది, అదీ కొద్దికొద్దిగా. ఈ రోజు తిన్నదానికి రేపు జబ్బు కనపడదు.

పళ్ల సంగతి మరీ ఆసక్తిగా ఉంటుంది. పంటి మీది గట్టి పెంకు, అదే ఎనామెల్, పన్ను ఇంకా చిగురు లోపల ఉన్నప్పుడే తయారవుతుంది. అప్పుడు ఫ్లోరైడ్ ఎక్కువైతే ఆ పెంకు కట్టే కణాలు దెబ్బతిని, పన్ను సుద్ద మచ్చలతోనో, గోధుమరంగు గుంటలతోనో బయటికొస్తుంది, తొందరగా అరిగిపోతుంది. బయటికొచ్చేసిన పన్నుకి మాత్రం ఈ మచ్చ కొత్తగా రాదు. పశువుకి ముందు పళ్లు జత తర్వాత జత వస్తాయి కాబట్టి, మొదటి జత శుభ్రంగా ఉండి మూడో జత మచ్చలు పడితే, విషం మధ్యలో వచ్చిందన్నమాట. అరిగిన పళ్లకి చల్లటి నీళ్లు జివ్వుమంటాయేమో, అలాంటి పశువులు నీళ్లు పీల్చి తాగకుండా నాలుకతో కతుకుతాయి.

ఎముకల్లో మార్పు తరచూ వెనక కాలి కింది పొడుగాటి ఎముక మీద, లోపలివైపు, పై భాగంలో ముందు మొదలవుతుంది. నునుపుగా ఉండాల్సిన చోట చెయ్యి పెడితే గరుకుగా, ఉబ్బుగా తగులుతుంది. కోసి చూస్తే సుద్దముక్కలా తెల్లగా ఉంటుంది. ఎముక ఖనిజంలో హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ల జత) ఉండాల్సిన చోట్లలోకి ఫ్లోరైడ్ దూరడంతో ఎముక కట్టుబడే తీరు కూడా మారిపోతుంది.

షూప్ అక్కడితో ఆగలేదు. వంకర కాళ్లతో పుట్టే దూడలకి కారణం, తల్లి చూలుతో ఉన్న 40వ రోజు నుంచి 70వ రోజు మధ్యలో లూపిన్ అనే మొక్క మేయడమేనని తేల్చినవాళ్లలో ఆయన ఒకరు.

ఇక మన దగ్గరికొస్తే, ఇక్కడ ఫ్లోరైడ్ వచ్చేది పొగలోంచి కాదు, భూమిలోని నీళ్లలోంచి. పాత హైదరాబాద్ రాష్ట్రంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల వచ్చే పళ్ల, ఎముకల జబ్బు) లాంటి జబ్బుని మహాజన్ అనే పరిశోధకుడు 1934లో నివేదించింది పశువుల్లోనే. ఇటు నెల్లూరు జిల్లాలో మనుషుల ఎముకల జబ్బుకి ఫ్లోరైడే కారణమని షార్ట్ బృందం ప్రకటించింది 1937లో. మనకంటే ముందు కాగితాలకెక్కింది మన పశువుల జబ్బే.

1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నల్గొండలో ఈ జబ్బుకి ఇంకో కొత్త రూపం చూశారు: మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకుంటూ, పాదాలు ఎడంగా పడే పిల్లలు. మాలిబ్డినం అనే లోహం ఎక్కువున్న జొన్న తింటే ఒంట్లోని రాగి మూత్రంలో పోతుందని తర్వాత అదే సంస్థ పరిశోధనల్లో తేలింది. ఎముకలోని కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులు ఒకదాన్నొకటి పట్టుకోవాలంటే రాగి కావాలి. ఈ మాలిబ్డినం గొడవ కూడా పశువైద్యులకి పాతదే, 1938లోనే ఇంగ్లండ్‌లో సోమర్‌సెట్ ఆవుల్లో పట్టుకున్నారు.

ఇప్పుడు ఇళ్లకి మిషన్ భగీరథ నీళ్లొస్తున్నాయి, ఎంతో సంతోషం. కొట్టంలో తొట్టికి మాత్రం ఏ నీళ్లు పోస్తున్నారు? బోరు నీళ్లా, పైపు నీళ్లా? నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో పుట్టి పెరిగి, ఈ మధ్యే ఆరు పళ్లు వేసిన పశువుని ఒకసారి పట్టుకుని పెదవి ఎత్తి చూడండి, పళ్లు చిగురులో ఉన్నప్పుడు అది ఏ నీళ్లు తాగిందో కనిపిస్తుంది.