గర్భసంచి ఆపరేషన్, ఆరోగ్యశ్రీ కార్డు: అపోహలు - వాస్తవాలు

ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదట మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. అది 2007 ఏప్రిల్. ఇప్పుడు పథకం పేరు ఎన్టీఆర్ వైద్య సేవ అయినా, మా ఆసుపత్రి ఓపీలో అందరూ అడిగేది ఆరోగ్యశ్రీ అనే.

అపోహ: కార్డుంది, పిల్లలూ పుట్టేశారు. గర్భసంచి తీయించేస్తే పీడ పోతుంది.

వాస్తవం: మమ్మల్ని ఎక్కువగా బాధపెట్టే మాట ఇదే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మధ్య గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు మరీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది ఒకటి. వీరిలో చాలామందికి మందులతో సరిపోయే జబ్బే ఉండి ఉంటుంది.

తెల్లబట్టకు ఆపరేషన్ అక్కర్లేదు. దురద, వాసన ఉంటే అది ఇన్ఫెక్షన్. ఏ రకమో చూసి మందులిస్తే తగ్గుతుంది, కొన్ని రకాలకు భర్తకూ వైద్యం చేయాలి. నడుం నొప్పికైతే చాలాసార్లు గర్భసంచితో సంబంధమే ఉండదు. స్కాన్‌లో గర్భసంచిలో చిన్న గడ్డ (ఫైబ్రాయిడ్) కనబడి, బాధేమీ లేకపోతే గమనిస్తూ ఉంటే చాలు. నెలసరి ఆగిపోయాక ఫైబ్రాయిడ్లు సాధారణంగా కుంచించుకుపోతాయి.

అధిక రక్తస్రావానికి ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, స్కాన్ చూడాలి. 45 దాటినవారికి గర్భసంచి లోపలి పొర ముక్క తీసి బయాప్సీకి పంపాలి. ఆ రిపోర్టు చూడకుండా ఆపరేషన్ చేస్తే, లోపల క్యాన్సర్ ఉన్నా తెలియక చేయాల్సినదాని కంటే చిన్న ఆపరేషన్‌తో ఆగిపోయే ప్రమాదం ఉంది. క్యాన్సర్ లేదని తేలితే రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్, హార్మోన్ మాత్రలు, లేదా లోపల పెట్టే హార్మోన్ లూప్ ఉన్నాయి. లూప్ ఐదేళ్లకు పైగా పనిచేస్తుంది. మందులు వాడినా ఒంట్లో రక్తం తగ్గిపోతూనే ఉన్నప్పుడు, గర్భసంచి బాగా జారినప్పుడు, క్యాన్సర్ తేలినప్పుడు మాత్రం ఆపరేషన్‌కు వెనకాడకూడదు.

అండాశయాలు కూడా తీసేస్తున్నారా అని తప్పక అడగండి. 45 లోపే అవి తీసేస్తే ఎముకలు, గుండె త్వరగా బలహీనపడతాయి. ఉంచినా కొందరిలో అవి పనిచేయడం మామూలు వయసు కంటే ముందే ఆగిపోతుంది. ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు నీళ్ల బిందె ఎత్తకూడదు. ఊడ్పులకెళ్లేవారికీ, పలాసలో జీడిపిక్కల పనికెళ్లేవారికీ ఇది పాటించడం ఎంత కష్టమో మాకు తెలుసు. ఆ ఆరు వారాలు ఇల్లు ఎలా గడుస్తుందో ముందే చూసుకోవాలి.

అపోహ: కార్డు చూపిస్తే ఏ ఆసుపత్రిలోనైనా, ఏ ఆపరేషనైనా ఉచితమే.

వాస్తవం: పథకంలో చేరిన (నెట్‌వర్క్) ఆసుపత్రిలో, పథకం జాబితాలో ఉన్న వైద్యానికే. ముందు కౌంటర్‌లో పథకం తరఫున సాయం చేసే ఆరోగ్యమిత్ర దగ్గర కార్డు, ఆధార్ చూపించండి. డాక్టర్ రిపోర్టులు అప్‌లోడ్ చేశాక అనుమతి రావాలి. మంజూరయ్యాక మందులు, పరీక్షలు, భోజనం ప్యాకేజీలోవే. డబ్బు అడిగితే 104కు ఫోన్ చేయండి. ప్రాణాపాయం అయితే ముందు వైద్యమే, కాగితాలు తర్వాత.

కాన్పు సంగతి వేరు. విజయనగరం ఘోషా ఆసుపత్రి, శ్రీకాకుళం రిమ్స్ వంటి సర్కారీ ఆసుపత్రుల్లో మామూలు కాన్పైనా, పెద్దాపరేషనైనా ఉచితమే. మామూలు కాన్పుకు మూడు రోజులు, సిజేరియన్‌కు ఏడు రోజులు భోజనం ఇవ్వాలి. గర్భిణులకు ప్రతి నెలా 9న ప్రత్యేక తనిఖీ ఉంటుంది.

అపోహ: ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుంది.

వాస్తవం: రంగు మారేది మలానిది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత, 7 లోపు అయితే ప్రమాదం. టీతో గానీ, కాల్షియం మాత్రతో కలిపి గానీ వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదు. ఐరన్ మాత్రకూ వాటికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి.

అపోహ: బాలింత పప్పు తింటే కుట్లు చీము పడతాయి.

వాస్తవం: చీముకు కారణం ఇన్ఫెక్షన్. అదుపులో లేని షుగర్, రక్తహీనత ఉంటే ఆ ముప్పు పెరుగుతుంది. పప్పు, గుడ్డు, పాలు మాన్పిస్తే గాయం మానడమే ఆలస్యమవుతుంది. నీళ్లు తగ్గించినా మంచిది కాదు, పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతపు గర్భిణులకు ఒక మాట. మొదటి పరీక్షల్లోనే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూపించుకోండి. గర్భంలో క్రియాటినిన్ సహజంగా తగ్గుతుంది కాబట్టి, మిగతావారికి మామూలనుకునే 0.9 కూడా గర్భిణి విషయంలో అనుమానించాల్సిన అంకె. కాళ్ల నొప్పులకు మందుల షాపులో కిడ్నీలకు హాని చేసే డైక్లోఫెనాక్ నొప్పి మాత్ర కొనుక్కుని మింగకండి.